ఒక్క రోజులో ఏడు బీచ్‌లా?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో సెయింట్ జాన్ అనే కరీబియన్ దీవి మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. శీర్షిక కింద 'ఒక్క రోజులో ఏడు బీచ్‌లు, ఒక అడవి, ఒక పాత కట్టడం' అని వేశారు. ఆ లైను దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. ఎందుకంటే గత ఫిబ్రవరిలో మా అబ్బాయి సరిగ్గా ఇలాంటి లిస్టే ఫోన్లో పెట్టుకుని మమ్మల్ని ఆ దీవి మీద తిప్పాడు. నేను ముప్పై రెండేళ్ళు బస్సు డిపోలో టైమ్ కీపర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. బండి ఎన్నింటికి బయల్దేరింది, ఎన్నింటికి చేరింది, మధ్యలో ఎక్కడ ఎంతసేపు ఆగింది రాసుకోకపోతే నాకు తోచదు. ఆ రెండు రోజులూ జేబు డైరీలో రాసుకున్నాను. ఆ లెక్క మీ పాఠకుల ముందు పెడదామని ఈ ఉత్తరం.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. సెయింట్ జాన్ అమెరికా చేతిలో ఉన్న వర్జిన్ దీవుల్లో ఒకటి. 1917లో డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్ల బంగారం ఇచ్చి అమెరికా ఈ దీవుల్ని కొనుక్కుంది. సెయింట్ జాన్ విస్తీర్ణం ఇరవై చదరపు మైళ్ళు, జనాభా నాలుగు వేల లోపు. సగానికి పైగా నేషనల్ పార్కే. లారెన్స్ రాక్‌ఫెల్లర్ అనే ధనవంతుడు ఐదు వేల ఎకరాల పైచిలుకు భూమి కొని ఇచ్చేస్తే 1956లో ఆ పార్కు ఏర్పడింది. ఉత్తరపు ఒడ్డున బీచ్ వెనక హోటళ్ళ బదులు చెట్లు కనిపించడానికి కారణం అదే. విమానాశ్రయం లేదు. పక్క దీవి సెయింట్ థామస్‌లో దిగి, రెడ్ హుక్ రేవులో ఫెర్రీ ఎక్కి, ఇరవై నిమిషాల్లో క్రూజ్ బే చేరాలి. మేం సెయింట్ థామస్‌లో మూడు రాత్రులు బస చేసి, రెండు పగళ్ళు సెయింట్ జాన్‌కి పెట్టుకున్నాం. మేమంటే నేను, మా ఆవిడ, అబ్బాయి, కోడలు, తొమ్మిదేళ్ళ మనవరాలు.

మొదటి రోజు అబ్బాయి ప్లాను. 'సెలవుల్లో కూడా తెల్లారుజామున లేవడమేంటి నాన్నా' అన్నాడు. పది గంటల ఫెర్రీ. క్రూజ్ బేలో దిగి అద్దె జీపు తీసుకునేసరికి పదీ నలభై. ఇక్కడ జీపు గురించి చెప్పాలి. ఆ దీవుల్లో బండి ఎడమ పక్కనే నడపాలి, మనలాగే. డేనిష్ వాళ్ళ కాలం నుంచి వస్తున్న అలవాటంటారు. కానీ బండ్లేమో అమెరికావి, స్టీరింగూ ఎడమ పక్కే. అంటే నడిపేవాడు రోడ్డు అంచున, గుంట పక్కన కూర్చుంటాడు. రోడ్డు మధ్యకి దగ్గరగా, ఎదురొచ్చే బండికి మొహం ఇచ్చి, స్టీరింగ్ లేని డ్రైవర్ సీట్లో నేను. వంపు వంపుకీ నా కుడికాలు దానంతటదే లేని బ్రేకు తొక్కుతోంది. కొండ రోడ్డు, జడలా మెలికలు. ముందున్న బండిని దాటాలంటే అబ్బాయికి ఎదురుగా ఏముందో కనపడదు. లారీ క్లీనర్‌లా నేను తల బయటపెట్టి 'రైట్... రైట్... వద్దు ఆగు' అనాల్సి వచ్చింది. సాయంత్రానికి మెడ పట్టేసింది. మీ వ్యాసంలో 'ద్వీపం చిన్నది కాబట్టి నిమిషాల్లో తిరిగేయవచ్చు' అని రాశారు. మైళ్ళు తక్కువే. అయితే ఆ మైళ్ళ మీద గాడిదలు నిలబడి ఉంటాయి. నిజం గాడిదలే. ఒకప్పుడు బరువులు మోయడానికి తెచ్చినవి అడవిపాలై, ఇప్పుడు రోడ్డు మధ్య నిలబడి జీపు అద్దంలోకి మొహం పెడతాయి. హారన్ కొడితే చెవులు కదుపుతాయి, కాళ్ళు కదపవు.

పదకొండుకి ట్రంక్ బే చేరాం. పార్కింగ్ నిండిపోయింది. సెయింట్ థామస్‌కి వచ్చిన పెద్ద ఓడల ప్రయాణికుల్ని సఫారీ టాక్సీలు, అంటే వెనక బెంచీలు వేసి పైన కప్పు కట్టిన ట్రక్కులు, ఒకదాని వెనక ఒకటి దించేది సరిగ్గా ఆ వేళకే. రెండు చుట్లు తిరిగి సినమన్ బేకి పోయాం. ఇరవై నిమిషాలు నీళ్ళలో. అక్కణ్ణుంచి మాహో బే, పదిహేను నిమిషాలు. మనవరాలు మాస్క్ పెట్టుకోవడం నేర్చుకునేలోపు 'టైమైంది, పద' అన్నాడు వాళ్ళ నాన్న. లిస్టులో తర్వాతిది రీఫ్ బే నడకదారి. మిట్టమధ్యాహ్నం.

ఆ దారి దీవి మధ్యలోని సెంటర్‌లైన్ రోడ్డు నుంచి సముద్రం దాకా రెండు మైళ్ళ పైచిలుకు దిగుతుంది. తొమ్మిది వందల అడుగుల దిగుడు. పెద్ద పెద్ద చెట్ల నీడ, రాతి మెట్లు, దిగుతుంటే హాయిగానే ఉంటుంది. మా ఆవిడ పది నిమిషాలు దిగి, వెనక్కి తిరిగి పైకి చూసి, 'దిగింది ఎక్కాలి కదండీ, నేను రాను' అని మనవరాల్నీ కోడల్నీ తీసుకుని జీపు దగ్గరికి పోయింది. ఆ ఒక్క వాక్యం అబ్బాయి ఫోన్లోని లిస్టు మొత్తంలో లేదు. మేమిద్దరం దిగాం. చేతిలో రెండు నీళ్ళ సీసాలు. ఆ దారిలో ఒక పక్కదారి చీలి, ఒక నీటి మడుగు దగ్గరికి తీసుకెళ్తుంది. కొలంబస్ రాకముందు అక్కడుండిన తాయినో జనం మడుగు పక్క రాళ్ళ మీద మొహాలు చెక్కారు. నీళ్ళు కదలకుండా ఉన్నప్పుడు రాతి మీది మొహం, నీటిలోని మొహం కలిసి ఒకే బొమ్మలా కనిపిస్తాయట. 'ట' అని ఎందుకన్నానంటే నేను చూడలేదు. ఇంకా అర మైలుందనగా రెండో సీసా అయిపోయింది. వెనక్కి తిరిగాం. ఎక్కుతుంటే గాలి లేదు, మోకాళ్ళు వణుకు, ఇరవై అడుగులకోసారి రాయి మీద కూర్చోవడం. అబ్బాయి మొహం చూసి నేనే ఏమీ అనలేదు. ఆ మొహాలు చూడకుండా తిరిగొచ్చానన్న బాధ ఇవాళ్టికీ ఉంది. వెళ్ళేవాళ్ళు వాటి కోసమే ఒక పొద్దు కేటాయించుకోండి, ఏడు గంటలకే దిగండి, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళండి. సీజన్లో గైడుతో నడిపించి కింద నుంచి పడవలో వెనక్కి తెచ్చే ట్రిప్పు కూడా ఉంటుంది, ముందే బుక్ చేసుకోవాలి. నా వయసువాళ్ళకి అదే దారి.

ఐదు గంటల ఫెర్రీలో కూర్చుని డైరీ తీసి కూడాను. మొత్తం ఏడు గంటల్లో రోడ్డు మీద, పార్కింగ్ వెతుకులాటలో రెండు గంటల యాభై నిమిషాలు. కొండ దిగి ఎక్కడం రెండు ముప్పావు. తిండి, బట్టలు మార్చుకోవడం యాభై నిమిషాలు. సముద్రంలో ఉన్నది ముప్పై ఐదు నిమిషాలు. మనవరాలు నా భుజం మీద తల పెట్టి, 'తాతయ్యా, రేపు ఒక్క బీచ్ చాలు' అంది.

రెండో రోజు డ్యూటీ చార్ట్ నేను రాశాను.

ప్లాను ఎప్పుడూ ఆఖరు సర్వీసు నుంచి వెనక్కి రాయాలి. ఆరు గంటల ఫెర్రీలో తిరిగి రావాలి. ఫిబ్రవరిలో పొద్దు గుంకేది ఆరున్నరకి కాస్త ముందు. అంటే ఐదుంబావుకి ఒడ్డు వదలాలి. ఇక ముందు నుంచి వస్తే ఒక చిక్కుంది, దాని మీద ఆ రాత్రి చాలాసేపు కూర్చున్నాను. అడవికీ పొద్దున్నే కావాలి, సముద్రానికీ పొద్దున్నే కావాలి. అడవికి చల్లదనం కోసం. సముద్రానికి ఎందుకంటే తూర్పు నుంచి వీచే గాలి పొద్దెక్కేకొద్దీ జోరందుకుంటుంది, అలలు రేగి ఇసుక లేస్తుంది, నీళ్ళు మసకబారతాయి. రెండింటికీ ఒకే ప్లాట్‌ఫారం, ఒకే టైము. అందుకని పెద్ద నడక తీసేశాను. ముందు చిన్న నడక, వెంటనే సముద్రం, మధ్యాహ్నం నీడ, ఓడల జనం వెళ్ళిపోయాక మళ్ళీ సముద్రం. మూడే హాల్టులు. ఉత్తరపు అలలు ఎలా ఉన్నాయని ముందురోజు సాయంత్రమే రేవులో అడిగాను. చలికాలంలో ఒక్కోసారి దూరంగా అట్లాంటిక్‌లో లేచిన తుపాను అలలు ఈ ఉత్తరపు ఒడ్డుకొచ్చి కొడతాయి. అలాంటి రోజు ట్రంక్ బే, సినమన్ బే వదిలేసి దక్షిణాన సాల్ట్ పాండ్ బేకి పోవాలి. మాకు ఆ రోజు నిలకడగానే ఉంది.

అడగడం అంటే గుర్తొచ్చింది. ఆ దీవుల్లో ఎవర్ని ఏది అడగాలన్నా ముందు 'గుడ్ మార్నింగ్' అనాలి, మధ్యాహ్నమైతే 'గుడ్ ఆఫ్టర్‌నూన్'. దుకాణంలోకి అడుగుపెట్టినా, టాక్సీ ఎక్కినా అంతే. మొదటి రోజు అబ్బాయి రేవులో ఒక పెద్దావిడ దగ్గరికి పోయి నేరుగా 'జీపులెక్కడ' అనడిగాడు. ఆవిడ పలకలేదు. కాసేపాగి, 'గుడ్ మార్నింగ్' అంది, పాఠం చెబుతున్నట్టు. వాడు తిరిగి అన్నాకే దారి చూపింది. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చున్నవాడికి దాని విలువ తెలుస్తుంది.

ఆరున్నర ఫెర్రీ. ఏడున్నరకి అన్నాబర్గ్‌లో ఉన్నాం. మీ వ్యాసం దీన్ని 'ఫొటోలకి అనువైన శిథిలం' అంది. అది చెరకు తోట, పంచదార ఫ్యాక్టరీ. ఆ వేళకి అక్కడ మేం తప్ప ఎవరూ లేరు. గాలిమర గోపురం, పశువుల్ని తిప్పి చెరకాడిన గుండ్రటి తిన్నె, రసం కాచిన పొయ్యిల గది. పొయ్యి మీద వరసగా గుంటలు, పెద్దదాని నుంచి చిన్నదానికి. రసం చిక్కబడేకొద్దీ ఒక బాన నుంచి పక్క బానలోకి తోడేవారు. బెల్లం వంట చూసినవాళ్ళకి ఆ గదిలో వేడెంత ఉండేదో చెప్పక్కర్లేదు. తోడినవాళ్ళు బానిసలు. గోడ దగ్గరికి పోయి చూస్తే రాళ్ళ మధ్య మనిషి మెదడులా మడతలు మడతలుగా ఉన్న తెల్లటి దిమ్మలు. పగడాలు. సముద్రంలోంచి కోసుకొచ్చి గోడలో పెట్టారు. మనవరాలు వేలితో ఆ మడతల వెంట రాస్తూ నిలబడింది.

గట్టు మీద నుంచి చూస్తే నీళ్ళకి అవతల, మైలున్నరో రెండు మైళ్ళో, ఇంకో కొండ కనిపిస్తుంది. అది టోర్టోలా, బ్రిటిష్ వాళ్ళది. బ్రిటిష్ వాళ్ళు తమ దీవుల్లో బానిసత్వాన్ని రద్దు చేసింది 1834లో. ఇవతల డేనిష్ వాళ్ళు చేసింది 1848లో. ఆ పద్నాలుగేళ్ళూ ఇక్కడ పని చేసేవాళ్ళకి స్వేచ్ఛ కంటికి కనపడుతూనే ఉంది. రాత్రుళ్ళు పడవ దొరికినవాళ్ళు పడవలో పారిపోయారు. అంతకు వందేళ్ళ ముందే, 1733 నవంబరులో, ఇదే దీవిలో కోరల్ బే కోట దగ్గర బానిసలు తిరగబడి నెలల తరబడి దీవిలో చాలా భాగాన్ని తమ చేతిలో ఉంచుకున్నారు. ఫ్రెంచి వాళ్ళ మార్టినిక్ దీవి నుంచి సైనికుల్ని రప్పిస్తే తప్ప అణచలేకపోయారు. ఫొటో తీసుకోండి, ఎవరు కాదన్నారు. దాని కింద ఈ నాలుగు లైన్లు కూడా వేసి ఉంటే బాగుండేది.

అక్కడే నా ఫోన్ టింగుమంది. 'బ్రిటిష్ వర్జిన్ దీవులకు స్వాగతం' అని మెసేజ్. మేం అమెరికా గడ్డ మీదే ఉన్నాం, ఫోన్ మాత్రం అవతలి దీవి టవర్ పట్టుకుని విదేశం వెళ్ళిపోయింది. నేను ఆపేశాను. కోడలు గమనించలేదు, గాలిమర దగ్గర నుంచి వాళ్ళమ్మకి వీడియో కాల్ చేసింది. నెలాఖరున వచ్చిన బిల్లు గురించి ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మాట్లాడరు. ఆ ఒడ్డున ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టేయండి.

కొండ దిగి లెయిన్‌స్టర్ బే ఒడ్డు వెంట కాసేపు నడిచాం. దారి పక్క చెట్టు కింద పచ్చటి బుల్లి యాపిల్ లాంటి కాయలు రాలి ఉన్నాయి. మనవరాలు వంగింది. ఎదురుగా కుక్కతో వస్తున్న ఒకావిడ 'డోంట్ టచ్!' అని అరిచింది. ఆ దీవిలో నాకు గుడ్ మార్నింగ్ చెప్పకుండా మాట్లాడిన ఒకే ఒక్క మనిషి ఆవిడ. అది మాంచినీల్ చెట్టు. కాయ కొరికితే నోరు, గొంతు పుండ్లు పడిపోతాయి. ఆకు తుంచితే జెముడు పాలలా తెల్లటి పాలు కారతాయి, ఒంటి మీద పడితే బొబ్బలు. వాన పడుతున్నప్పుడు ఆ చెట్టు కింద నిలబడినా, ఆకుల మీంచి జారిన నీళ్ళతో ఒళ్ళు కాలుతుంది. స్పానిష్ వాళ్ళు దాన్ని చావు యాపిల్ అన్నారు. ఆవిడ ఇదంతా నెమ్మదిగా, మనవరాలికి అర్థమయ్యేలా చెప్పి, ఆ తర్వాతే 'గుడ్ మార్నింగ్' అంది. పిల్లలున్న కుటుంబాల కోసం రాసిన వ్యాసంలో ఏడు బీచ్‌ల పేర్లూ ఉన్నాయి, ఈ చెట్టు పేరు లేదు సార్. నాకు కోపం వచ్చింది నిజానికి ఇక్కడే.

తొమ్మిదింబావుకి మాహో బే. పార్కింగ్ దొరికింది. నీళ్ళలో దిగబోయేముందు కోడలు తన సన్‌స్క్రీన్ సీసా వెనక చదివి పక్కన పెట్టేసింది. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్, ఈ మూడింట్లో ఏది ఉన్నా ఆ దీవుల్లో వాడకూడదని 2020 నుంచి చట్టం. పగడాలకి హాని. జింక్ ఆక్సైడ్ రకం రాసుకోవచ్చు, తెల్లగా పిండి పూసినట్టు ఉంటుంది. నేను ఫుల్ చేతుల చొక్కాతోనే దిగాను. శ్రీకాకుళం ఉన్న అక్షాంశమే సెయింట్ జాన్‌దీ. ఆ ఎండ నాకు కొత్తేం కాదు.

మా ఆవిడకి ఈత రాదు. అరవై రెండేళ్ళు. మీ వ్యాసంలాంటివి ఈత వచ్చినవాళ్ళ కోసమే రాస్తారు, మిగతావాళ్ళు ఒడ్డున సంచులు కాయాలని ఎవరూ రాయరు గానీ జరిగేది అదే. మాహో బే లోతు లేనిది. చాలా దూరం నడుము లోతే. మా ఆవిడకి లైఫ్ జాకెట్ వేసి, మాస్క్ పెట్టి, మనవరాలే చెయ్యి పట్టుకుని నెమ్మదిగా తీసుకెళ్ళింది. కాళ్ళు నేల మీదే, మొహం మాత్రం నీళ్ళలో. మొదటి రెండు సార్లు మా ఆవిడ ఉక్కిరిబిక్కిరై లేచింది. మూడోసారి లేవలేదు. నేను కంగారుపడి దగ్గరికి పోతే చెయ్యి ఊపి ఆగమంది. నేనూ మొహం ముంచాను. కింద సముద్రగడ్డి. దాని మీద పెద్ద చాటంత తాబేలు, వీపు మీద సూర్యకాంతి వల అల్లినట్టు కదులుతోంది. గడ్డిని నోటితో పట్టుకుని, తల పక్కకి విదిలించి తెంపుతుంది. ఆవు మేసినట్టే. తెంపినప్పుడల్లా ఇసుక చిన్న పొగలా లేస్తుంది. కాసేపటికి ముందు రెక్కలు ఒక్కసారి ఆడించి మా పక్క నుంచే పైకి తేలింది. తల బయటపెట్టి 'ఫూ' అని గాలి వదిలి, పీల్చుకుని మళ్ళీ దిగిపోయింది. ఆ చప్పుడు మా ఆవిడ ఇప్పటికీ చేసి చూపిస్తుంది. నా వాచీ నీళ్ళలో పనిచేసేదే. ఆ తాబేలు పైకొచ్చిన వ్యవధులు రాసుకున్నాను: నాలుగు నిమిషాలు, ఆరు, ఐదు, నాలుగు. ముట్టుకోకూడదు, వెంటబడకూడదు, గాలి కోసం పైకొచ్చే దారికి అడ్డం నిలబడకూడదు. మనం కదలకుండా ఉంటే అదే వస్తుంది. పదిహేను నిమిషాల హాల్టులో ఇది జరిగే పని కాదు.

ఒడ్డున పులిహోర డబ్బా మూత తీయగానే పొదలోంచి ముంగిస వచ్చింది. చెరకు తోటల్లో ఎలుకల్ని పట్టడానికని 1872లో కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసల్ని జమైకాకి తీసుకెళ్ళారు. తర్వాత వీటి సంతతిని దీవి దీవికీ పంచుకున్నారు. ఎలుకది నైట్ డ్యూటీ, ముంగిసది డే డ్యూటీ. చార్ట్ చూసుకోకుండా డ్యూటీ వేసిన పని. రెండూ సరిగా ఎదురుపడనే లేదు, ముంగిసలేమో పక్షుల గుడ్లూ తాబేలు గుడ్లూ తినడం మొదలెట్టాయి. ఆ దీవికి సొంత జంతువులు, అంటే పాలిచ్చేవాటిలో, గబ్బిలాలేనట. మిగతావన్నీ ఎవరో ఒకరు ఓడలో తెచ్చినవే.

మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా ఏమీ పెట్టలేదు. అబ్బాయికి చేతులు ఊరుకోలేదు, 'ఈ గ్యాప్‌లో ఒక బీచ్ చూసి రావచ్చు' అన్నాడు. డ్రైవర్‌కి రెస్ట్ డ్యూటీలో భాగం అన్నాను. కోరల్ బేలో ఒక చిన్న హోటల్ నీడలో కూర్చున్నాం. అక్కడ ఫంజీ అని పెట్టారు. మొక్కజొన్న పిండిలో బెండకాయ ముక్కలు వేసి ఉడికించిన ముద్ద, దాదాపు సంకటే. వాళ్ళు చేపల కూరతో తింటారు. మా ఆవిడ నిమ్మకాయ పచ్చడితో తిని, రెండోసారి అడిగి పెట్టించుకుంది.

మూడుంబావుకి కాస్త ముందు ట్రంక్ బే. ఓడల జనం వెళ్ళిపోయారు. పదహారేళ్ళు నిండినవాళ్ళకి మనిషికి ఐదు డాలర్ల టికెట్టు తీసుకున్నారు. ఇక్కడ నీళ్ళ కింద ఒక బాట ఉంది, రెండు వందల మీటర్ల పొడవున చిన్న దీవి పక్కగా. అక్కడక్కడా అడుగున పలకలు, వాటి మీద ఏది ఏమిటో రాసి ఉంటుంది. ఇది లోతు, మా ఆవిడ ఒడ్డునే ఉంది. నేనూ మనవరాలూ అబ్బాయీ వెళ్ళాం. తల ముంచగానే ఎవరో పక్కన పటికబెల్లం నములుతున్నట్టు కరకర చప్పుడు. చిలుక చేపలు. చిలుక ముక్కు లాంటి పళ్ళతో పగడపు రాయిని గీకి పైనున్న పాచి తింటాయి. రాతి పొడి వెనక నుంచి తెల్లగా ధారలా వదిలేస్తాయి. ఆ బీచ్‌లో తెల్లటి ఇసుకలో చాలా భాగం అదే అని పైకొచ్చాక అబ్బాయి చెబితే, మనవరాలు తను కట్టిన ఇసుక కోట వంక చూసి కాళ్ళు వెనక్కి తీసుకుంది. నిజం చెప్పాలంటే ఆ పగడాల్లో చనిపోయి బూడిద రంగుకి తిరిగినవి చాలా ఉన్నాయి. ఫొటోల్లో చూసిన రంగులు ఊహించుకుని పోకండి. అలసిపోతే వాటి మీద నిలబడకండి, వెల్లకిలా తేలండి.

ఐదుంబావుకి కదిలాం, ఆరు ఫెర్రీ అందింది. డైరీ కూడితే నీళ్ళలో ఉన్నది రెండు గంటల యాభై నిమిషాలు. నిన్న రోడ్డు మీద పోయిందీ సరిగ్గా అంతే.

ఇంకొక్క సంగతి, అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే నా ఈడు తల్లిదండ్రుల కోసం. 'వీసా అక్కర్లేదు, అమెరికాయే' అని మీ వ్యాసంలో ఉంది. వెళ్ళేటప్పుడు నిజమే. తిరిగి వచ్చేటప్పుడు సెయింట్ థామస్ విమానాశ్రయంలో ఆఫీసర్లు కూర్చుని ఉంటారు, మనలాంటి విదేశీయుల పాస్‌పోర్టు, వీసా కాగితాలు చూస్తారు. పళ్ళు, కాయలు తేకుండా సంచులూ చూస్తారు. మా అబ్బాయి 'డొమెస్టిక్ ఫ్లైటే కదా, పాస్‌పోర్టులు ఇంట్లో పెట్టేయండి' అన్నాడు. మా ఆవిడ వినకుండా అందరివీ తన హ్యాండ్‌బ్యాగులో వేసుకొచ్చింది. ఆ లైనులో నిలబడ్డప్పుడు వాడి మొహంలో టెన్షన్, ఆవిడ జిప్పు తీసిన తీరు, అదొక్కటీ వీడియో తీయనందుకు కోడలు బాధపడుతుంది.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు బీచ్‌లు రెండు తగ్గించి, ఎన్నింటికి ఎక్కడుండాలో వేయించండి. ఎక్కడ నీడ ఉందో, ఈత రానివాళ్ళు ఎక్కడ దిగొచ్చో, ఏ చెట్టు ముట్టుకోకూడదో కూడా. నా రెండో రోజు చార్ట్ నకలు దీంతో జతపరిచాను, పనికొస్తే వాడుకోండి. ఫెర్రీ వేళలు మాత్రం వెళ్ళేముందు రేవులో సరిచూసుకోమనండి. అసలు కాగితం మీద ఉప్పునీళ్ళు పడ్డాయి, నకల్లో ట్రంక్ బే పక్కన అంకె అలుక్కుపోయి కనిపిస్తుంది. అది 3.10.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టైమ్ కీపర్